వసారాలో బూట్లు

ఉల్యానాకి కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఊళ్ళో అందరూ అంటారు. అది అబద్ధం. ముక్కు మీదుంటే తుమ్మినప్పుడైనా కిందపడేది. ఆవిడ కోపం ఎముకల్లో ఉంది, కడిగినా పోదు. మా ఊరివాళ్ళం ఔననాలంటే కనుబొమలు పైకెత్తుతాం, కాదనాలంటే ముక్కు ముడుస్తాం. చలిలో పుట్టిన వాళ్ళం కదా, ఊరికే నోరు తెరవడం మాకు అలవాటు లేదు. ఉల్యానా ఒక్కతే ఔననైనా కాదనైనా నోటితోనే చెబుతుంది, అదీ నది అవతలి ఒడ్డున వలలు ఆరేసుకునే వాళ్ళకి వినబడేలా చెబుతుంది.

చిన్నప్పుడు ఆవిడ ఇలా ఉండేది కాదట. ఆవిడ చెల్లెలు మార్ఫా పోయాక ఇలా అయింది. మార్ఫా మొగుడు తాగినప్పుడు కొట్టేవాడు, తాగనప్పుడు తాగుడు దొరకలేదని కొట్టేవాడు. ఒక శీతాకాలం ఊరిని మంచు తెర కమ్మేసింది. విమానం దిగలేదు, మా ఊరి నుంచి ఎక్కడికీ రోడ్డు లేదు. మార్ఫా చిన్నపిల్లలా తలుపు తలుపూ తట్టింది. మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకని ఎవరూ తియ్యలేదు. చివరికి చేపలకి పొగపెట్టే గుడిసెలో దాక్కుంది. అక్కడే బిగుసుకుపోయింది. ఉల్యానా అప్పుడు నది దిగువ ఊళ్ళో చేపలు కోసే పనిలో ఉంది. తిరిగొచ్చి చెల్లెల్ని పూడ్చి, ఊళ్ళోవాళ్ళెవరితోనూ మాట్లాడకుండా తన ఇంటి తలుపు గడియ పీకి నదిలో పారేసింది. ఆ రోజు నుంచి ఆ ఇంటికి పగలూ రాత్రీ తాళం లేదు. దెబ్బలు తిన్న ఆడది ఎవరైనా రావచ్చు. వస్తే ముందు టీ ఇస్తుంది, తర్వాత ఎండు చేప ఇస్తుంది, ఏం జరిగిందని మాత్రం అడగదు.

చాలా ఏళ్ళు ఆ ఇంటికి పేరంటూ లేదు. తర్వాత రాష్ట్ర బోర్డు వచ్చి ఆశ్రయ గృహమని పేరు పెట్టింది. ఇళ్ళలో ఆడవాళ్ళ మీద జరిగే దౌర్జన్యాలూ, అత్యాచారాలూ ఆపడానికి అలాస్కా రాష్ట్రమంతటికీ ఒక బోర్డు ఉంది. ఎక్కడెక్కడ ఇలాంటి ఇళ్ళు నడవాలో, ఎవరికెంత ఇవ్వాలో, ఎవరు సరిగ్గా నడుపుతున్నారో లేదో చూసేది వాళ్ళే. వాళ్ళు కూర్చునే రాజధానికి మా ఊరి నుంచి మూడు విమానాలు మారాలి. ఆ బోర్డు ఉల్యానా ఇంటికి మంచాలిచ్చింది, దుప్పట్లిచ్చింది, అన్నిటికంటే ముఖ్యంగా హీటరుకి ఆయిలిచ్చింది. ఆయిలు లేని ఇల్లు మా దగ్గర ఇల్లు కాదు, శవపేటిక. దాంతో పాటు నియమాలూ ఇచ్చింది. తలుపుకి గడియ ఉండాలి. వచ్చిన మనిషిని ముందు పూర్తి పేరు అడగాలి. మగవాడెవడూ ఆ కప్పు కింద నిద్రపోకూడదు.

"పూర్తి పేరు అడగాలట," అని ఉల్యానా నవ్వేది. "నా గుమ్మంలోకొచ్చేదాని బొడ్డు కోసింది నేను. దాని పేరు పెట్టింది నేను. ఇప్పుడు ఎదురుగా నిలబెట్టి, అమ్మా నీ పేరేంటి అనాలా? ఇది పోలీసు స్టేషనా, నా కొంపా?"

గడియ అయితే పెట్టించింది. మగవాళ్ళ నియమం మాత్రం ఆవిడకి నచ్చింది. బోర్డు వాళ్ళ బుర్రలోంచి వచ్చిన ఒకే ఒక్క మంచి ముక్క అదేనని అనేది.

ఆ ఏడు చలికాలం సగంలో బోర్డు వాళ్ళే స్వయంగా ఊళ్ళు చూడడానికి బయలుదేరారు. మా ఊళ్ళో మంచు మీద దిగినవాళ్ళు ఇద్దరు. ఒకావిడ పేరు గ్రెచెన్. ఆవిడే బోర్డు అధ్యక్షురాలు, తెల్లగా నెరిసిన జుట్టు, మంచం పట్టిన వాళ్ళతో మాట్లాడుతున్నట్టు మెత్తగా మాట్లాడుతుంది. రెండో ఆయన డేల్. రాష్ట్ర పోలీసుల తరఫున బోర్డులో కూర్చునే మనిషి. దూలంలా ఉంటాడు. ఆయన బూటులో మా పిల్లల్ని కూర్చోబెట్టి మంచు మీద లాక్కుపోవచ్చు.

సాయంత్రం నాలుగింటికి విమానం మళ్ళీ వస్తుంది, ఆలోపు పని ముగించుకోవాలని వాళ్ళ తొందర. ఊరి పెద్ద యాకో అందర్నీ సభ గదిలో పోగేశాడు. గ్రెచెన్ నిలబడి, నివారణ అంటే ఏమిటో చాలాసేపు చెప్పింది. చివర్లో మెత్తగా అడిగింది.

"ఈ ఊళ్ళో ఇళ్ళలో హింస జరుగుతోందని మీలో ఎంతమంది అనుకుంటున్నారు?"

గది మొత్తం కనుబొమలు ఎత్తింది. ముసలమ్మలు ఎత్తారు, చంటిపిల్లల తల్లులు ఎత్తారు. కొట్టే మొగుళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు ఎత్తారు. గ్రెచెన్ ఎదురుచూసింది. ఇంకాస్త ఎదురుచూసింది. తర్వాత డేల్ వైపు వంగి, "చూశారా, వీళ్ళు నోరు విప్పరు. భయం," అంది.

"విప్పారు," అంది ఉల్యానా వెనక బెంచీ మీంచి. "నీకు కనబళ్ళేదు. కళ్ళద్దాలు తుడుచుకో తల్లీ."

జనం నవ్వారు. గ్రెచెన్ కూడా మర్యాదకి నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు. అప్పుడే ఇద్దరి మధ్యా చెడింది.

మూడింటికల్లా మంచు తెర దిగింది. సభ గది కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఉన్న గుడి శిలువ కనబడలేదు. విమానం రాదని కబురొచ్చింది. మామూలుగా ఇలా చిక్కుకుపోయిన వాళ్ళు బడిలో పరుపులేసుకుని పడుకుంటారు. ఆ వారం బడి ఖాళీ లేదు. బాస్కెట్‌బాల్ పోటీలకని కింది ఊళ్ళ పిల్లలంతా దిగి గదుల్లో, వరండాల్లో, చివరికి వంటగదిలో కూడా పడుకుంటున్నారు. యాకో తల గోక్కుంటూ ఉల్యానా దగ్గరికొచ్చాడు.

"అక్కా, నీ దగ్గర మంచాలు ఖాళీయే కదా."

"ఖాళీగా ఉండడానికే ఉన్నాయవి. నిండితే ఎవరికో ఒళ్ళు హూనమైనట్టు."

"ఈ ఒక్క రాత్రికేనక్కా. పాపం, బయటి మనుషులు."

"ఆ దూలాన్ని నా ఇంట్లో పడుకోబెట్టమంటావా? మగాడు పడుకోకూడదని ఈ మహాతల్లే కదా నియమం పెట్టింది?"

గ్రెచెన్ విని ముందుకొచ్చింది. "ఇది అత్యవసరం కదండీ. ఆ నియమం పెట్టింది మేమే. మాకు మేమే మినహాయింపు ఇచ్చుకుంటాం." ఇలా అని మళ్ళీ మెత్తగా నవ్వింది.

ఉల్యానా తిట్టింది. దారి పొడుగునా తిట్టింది. అయినా తీసుకెళ్ళింది. ఇక్కడే ఆవిడ తప్పు చేసింది, మా ఊరివాళ్ళం మాత్రమే చేసే తప్పు. మంచులో చిక్కిన మనిషిని గుమ్మం బయట ఉంచడం మాకు చేతకాదు. శత్రువైనా సరే, ముందు లోపలికి రానిచ్చి, వేడి టీ పోసి, ఆ తర్వాత శత్రుత్వం చూసుకుంటాం. ఒకప్పుడు ఊరు ఊరంతా మార్ఫా విషయంలో ఈ పద్ధతి మరిచిపోయింది. ఉల్యానా మరిచిపోలేకపోయింది. అంతే.

ఒక్క రాత్రి అన్నది రెండైంది, మూడో రోజూ వచ్చింది. మంచు తెర కదల్లేదు. గ్రెచెన్ కిటికీ దగ్గర కూర్చుని చలికి ముడుచుకుపోయి, ఎండు చేపని రెండు వేళ్ళతో పట్టుకుని, మేం చేపకి నంచుకునే సీలు జంతువు నూనె వాసనకి మొహం పక్కకి తిప్పుకునేది. అది చూసి ఉల్యానాకి ఒళ్ళు మండేది.

"వాసనొస్తోందా? నాకు నీ అత్తరు వాసన నిన్నట్నుంచీ వస్తోంది. నేనేమైనా అన్నానా?"

"అది కాదు," అంది గ్రెచెన్. "నాకు ఊపిరాడడం లేదు. బయటికి వెళ్ళే దారే లేదా ఈ ఊరికి? ఎవరికైనా ఫోన్ చేస్తే రాలేరా? ఇలా ఎలా బతుకుతారండీ మీరు?"

"ఇరవై ఏళ్ళుగా నేను మీకు ఫోన్లో చెప్తోంది ఇదే. అప్పుడు మీకు ఊపిరి బాగానే ఆడింది."

డేల్ మాట్లాడేవాడు కాదు. ఉన్నంతలో ఆయనే నయం. కట్టెలు కొట్టిపెట్టాడు, నీళ్ళు మోసిపెట్టాడు. మంచు దులిపి, బూట్లు విప్పి, పద్ధతిగా వసారాలో వరసలో పెట్టేవాడు. మా ఇళ్ళకి ముందు ఒక చలి వసారా ఉంటుంది. బూట్లు, చేపలు, కుక్క తిండి, అన్నీ అందులోనే. మామూలు రోజుల్లో తలుపు తట్టే అలవాటు మాకు లేదు. వసారాలోకి అడుగుపెట్టి బూట్లు చూస్తే చాలు, లోపల ఎవరున్నారో తెలిసిపోతుంది. పడని వాళ్ళ బూట్లుంటే ఎవరికీ చప్పుడు కాకుండా వెనక్కి తిరిగిపోతాం. ఈ సంగతి మా రెండేళ్ళ పిల్లలకీ తెలుసు.

ఇప్పుడు ఒలింకా గురించి చెప్పాలి. ఇరవై మూడేళ్ళ పిల్ల, మూడేళ్ళ కూతురి తల్లి. గట్టిగా గాలి వీస్తే వంగిపోయేలా ఉంటుంది. మొగుడు వాసిలీ ఊళ్ళో మొదటి వేటగాడు. సీలు కొట్టాడంటే ముందు ముసలివాళ్ళ ఇళ్ళకి పంచి తర్వాత తన ఇంటికి తీసుకెళ్తాడు. ఆ మాంసం తిన్న నోళ్ళు వాడి గురించి ఒక్క మాట అనవు. ఒలింకా ఉల్యానా ఇంటికి అంతకుముందు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ వాసిలీ ఏడుస్తూ వచ్చి తీసుకెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఉల్యానా చేప తేవడానికి వసారాలోకి వెళ్ళింది. బయటి తలుపు ఓరగా తీసి ఉంది. లోపలికి కొట్టుకొచ్చిన పలచని మంచు మీద ఆడమనిషి అడుగులున్నాయి. తలుపు దగ్గర్నుంచి డేల్ బూట్ల దాకా వచ్చాయి. అక్కడ ఆగాయి. అక్కడే తిరిగి వెనక్కి వెళ్ళిపోయాయి. బూట్ల పక్కన చిన్న చేతి తొడుగు పడి ఉంది, సీలు తోలుది. ఒలింకా కూతురికని అది కుట్టింది ఉల్యానాయే.

ఆవిడ తొడుగు చేతిలోకి తీసుకుంది. ఆవిడకి ఒక్క క్షణం ఏమీ వినబళ్ళేదట. లోపల గ్రెచెన్ మరచెంబు మూత తిప్పుతున్న చప్పుడు తప్ప.

"లే," అంది లోపలికొచ్చి డేల్‌తో. "పోలీసువి కదా. లే."

విషయం చెప్పింది. డేల్ లేచాడు. లేచి నిలబడి ఆలోచించాడు.

"ముందు పోలీసు పోస్టుకి ఫోన్ చెయ్యాలి. దీనికో పద్ధతుంది. ఆయుధం లేకుండా ఒక్కణ్ణే వెళ్ళకూడదు. పైగా నేనిక్కడికి బోర్డు తరఫున..."

"ఆ పిల్ల దగ్గరా ఆయుధం లేదు!"

"ఉల్యానాగారూ," అంది గ్రెచెన్, "ఆమె నిజంగా సహాయం కోసమే వచ్చిందని మనకేం తెలుసు? ఊరికే పలకరించడానికి..."

ఉల్యానా వసారాలోకి వెళ్ళి డేల్ బూట్లు రెండూ ఎత్తి బయటి తలుపులోంచి ఎంత దూరం వెళ్తే అంత దూరం విసిరింది. తర్వాత గ్రెచెన్ బూట్లు. తర్వాత వాళ్ళ సంచులు. పక్కింట్లో ఆడవాళ్ళు తలుపు తీసి చూశారు.

"ఈ ఇల్లు ఆడదాని కోసం!" అని అరిచింది వాళ్ళని చూసి. "మీరంతా చూస్తున్నారు కదా, ఇక్కడ మగాడి బూట్లు లేవు! రండి, ఎవత్తె వస్తుందో రండి!"

ఇద్దరు ముసలమ్మలు ఏమీ అడక్కుండా తలకి గుడ్డ చుట్టుకుని ఆవిడ వెంట బయలుదేరారు. వాసిలీ ఇంటి తలుపు లోపల్నుంచి బిగించి ఉంది. ఉల్యానా కిటికీ పగలగొట్టింది. ఒలింకా పొయ్యి పక్కన పడి ఉంది. ఎడమ మణికట్టు వెనక్కి తిరిగిపోయింది, ముందు పళ్ళు రెండు లేవు. మూడేళ్ళ కూతురు మంచం కింద ఉంది, ఏడవడం కూడా లేదు. వాసిలీ వాళ్ళ మీదికి వచ్చాడు. సరిగ్గా అప్పుడు డేల్, మేజోళ్ళతో మంచులో పరుగెత్తుకుంటూ వచ్చి, ఆ తలుపుని భుజంతో బద్దలుకొట్టి వాణ్ణి నేలకేసి అదిమాడు. బాగా అదిమాడు. కాదనను. ఆయన ఒక కాలి వేళ్ళు తర్వాత నల్లబడ్డాయని విన్నాను. కానీ ఒలింకా ఆ బూట్ల దగ్గర ఆగిన క్షణంలో ఆయన లోపల కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ సంగతి కూడా కాదనలేను.

మర్నాడు మంచు తెర విడిపోయింది. ఒక విమానంలో ఒలింకాని ఆసుపత్రికి, వాసిలీని సంకెళ్ళతో పట్నానికి పంపారు. ఇంకో దాంట్లో బోర్డు వెళ్ళింది. గ్రెచెన్ మెట్టు ఎక్కబోతూ ఉల్యానాతో, "మీ బాధ నాకు అర్థమైంది," అంది.

"నీకు అర్థమైంది బూట్లు తడిసిన సంగతి," అంది ఉల్యానా.

మంచు కరగడం మొదలయ్యాక బోర్డు కొత్త సమావేశం ఫోన్లో పెట్టింది. రాష్ట్రంలో ఎవరైనా ఆ ఫోన్లోకి వచ్చి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆ రోజు చర్చల్లో ఉల్యానా ఇల్లు కూడా ఉందని యాకో వచ్చి భయం భయంగా చెప్పాడు. ఆ ఇంట్లో నియమానికి విరుద్ధంగా ఒక మగవాడు రెండు రాత్రులు నిద్రించాడు, ఇల్లు నడిపే మనిషి అతిథుల సామాను బయట పారేసింది, కాబట్టి వచ్చే చలికాలం నుంచి ఆయిలు ఆపెయ్యాలి. తీర్మానం అదీ.

"మగవాడెవరో రాశారా?" అంది ఉల్యానా.

యాకో ముక్కు ముడిచాడు.

ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు వింటే నాకే భయమేసింది. నవ్వి, నవ్వి, కుర్చీలో కూలబడింది. ఆయిలు లేకపోతే మంచాలెందుకు, తలుపెందుకు? వచ్చే చలికాలం ఎవరొచ్చినా వసారాకీ గదికీ తేడా ఉండదు. మార్ఫా పడుకున్న గుడిసెకీ ఈ ఇంటికీ తేడా ఉండదు. ఆవిడ మొదటిసారి గొంతు తగ్గించి అంది, "నేను వాళ్ళని రానిచ్చాను, యాకో. నేనే రానిచ్చాను."

ఒలింకా అప్పటికి తిరిగొచ్చి ఉల్యానా ఇంట్లోనే ఉంటోంది. మణికట్టు కట్టు ఇంకా విప్పలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల నోటి వెంట మాట లేదు. పళ్ళు లేని నోరు తెరవడానికి సిగ్గు. అన్నిటికీ కనుబొమలే, ముక్కే. ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా మీట నొక్కారు. మేమంతా చుట్టూ కూర్చున్నాం.

గ్రెచెన్ గొంతు దూరం నుంచి మెత్తగా వచ్చింది. ఉల్యానా మూడు నిమిషాల్లో మొదటి రెండూ తిట్లకే ఖర్చుపెట్టింది. అటువైపు ఎవరో దగ్గారు.

"మీ ఆవేశం సరే," అంది గ్రెచెన్. "ఆ ఇంటివల్ల మేలు పొందిన వాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ? ఆ మనిషినే అడుగుతాను. అమ్మా, మీరున్నారా? ఆ ఇల్లు మీకు ఉపయోగపడిందా?"

ఒలింకా కనుబొమలు ఎత్తింది. గట్టిగా, నుదురంతా ముడతలు పడేలా ఎత్తింది.

ఫోన్లో గాలి చప్పుడు.

"జవాబు లేదని రాసుకోండి," అంది గ్రెచెన్ ఎవరితోనో.

"ఔనంది!" అని ఉల్యానా బల్ల గుద్దింది. "ఔనంది, గుడ్డి ముండల్లారా, ఔనంది!"

"ఆమే చెప్పాలండీ. నోటితో చెప్తేనే మేం నమోదు చేసుకోగలం."

ఉల్యానా మళ్ళీ నోరు తెరిచింది. ఒలింకా కట్టు ఉన్న చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఫోన్ మీదికి వంగింది. పళ్ళ సందులోంచి గాలి పోతూ మాట పలచగా, వంకరగా వచ్చింది.

"ఆ రోజు నేనొచ్చాను. పిల్లని వీపున కట్టుకుని వచ్చాను. వసారాలో పెద్ద బూట్లున్నాయి. మగాడు ఉన్నాడనుకుని వెనక్కెళ్ళిపోయాను. అవి మీ బూట్లు."

 గ్రెచెన్ గొంతు వచ్చింది. ఈసారి మెత్తదనం లేదు, కాగితం చదువుతున్నట్టు ఉంది. ఆయిలు ఆపాలన్న తీర్మానం సభ ముందుంది, దాన్ని బలపరిచేవారెవరు?

ఎవరూ పలకలేదు.

"బలపరిచేవారు ఎవరైనా?" అని మళ్ళీ అడిగింది. "డేల్?"

 ఉల్యానా ఓపిక చచ్చిపోయింది.

"నోటితో చెప్పండయ్యా! మీ మొహాలు మాకిక్కడ కనబడవు!"

"బలపరచను," అన్నాడు డేల్. "అవి నా బూట్లే."

బలపరిచేవారు లేనందున తీర్మానం వీగిపోయిందని గ్రెచెన్ చదివి, వెంటనే తర్వాతి ఊరి పేరు పిలిచింది. క్షమించమన్న మాట ఆవిడ నోట రాలేదు. ధన్యవాదాలన్న మాట ఉల్యానా నోటా రాలేదు. వచ్చే చలికాలానికి ఆయిలుంది. ఆ పై చలికాలం సంగతి మళ్ళీ ఇలాగే ఎవరో ఒకరి పళ్ళు రాలాక తేలుతుందని ఉల్యానా గొణిగి మీట ఆపేసింది.

అందరూ వసారాలోకి వచ్చి ఎవరి బూట్లు వాళ్ళు తొడుక్కుంటున్నాం. ఒలింకా తలుపు దగ్గర నిలబడి ఉంది, పిల్లని ఒక చేత్తో నడుముకి ఎత్తుకుని. ఉల్యానా ఆ పిల్ల చేతి నుంచి జారిపోతున్న తొడుగు పైకి లాగి సర్దింది.

"విను," అంది ఒలింకాతో. "మళ్ళీ ఎప్పుడన్నా నువ్వొచ్చేసరికి ఇక్కడ ఎవడి బూట్లన్నా కనబడితే, ముందు వాటిని తీసి మంచులో పారెయ్. బోర్డువైనా సరే, దేవుడివైనా సరే. పారేసి లోపలికి రా. విన్నావా?"

ఒలింకా కనుబొమలు ఎత్తింది.